పాత్రలో నిలిచిన నీరు

మన దేశమునుండి మొదటిసారి అమెరికాకు పోయిన ప్రయాణికుడు విమానాశ్రయములోని మరుగుదొడ్డి తలుపు తీసి ఒక్క క్షణము ఆగిపోవును. పింగాణి పాత్రలో సగమువరకు నీరు నిలిచియుండును. గొట్టము పూడిపోయినది కాబోలునని అతడు ప్రక్క గదికి పోవును. అక్కడను అంతే! పాత్ర చెడిపోలేదు, అది పనిచేయు పద్ధతియే వేరు.

మన దేశములోను, ఇంగ్లండులోను ఎక్కువగా వాడు పాత్రలో నీరు అడుగున కొంచెమే యుండును. మీట నొక్కినప్పుడు అంచునుండి దూకు నీరు మలినమును నెట్టివేయును. అమెరికాలో ఎక్కువ వాడుకలోనున్న పాత్రలో నెట్టుటకంటె లాగుట ముఖ్యము. పీపాలోని డీజిలును రబ్బరు గొట్టముతో క్రిందనున్న డబ్బాలోనికి దించుట మనకు తెలిసినదే. గొట్టము ఒకసారి నిండినచో, ఆపైన ద్రవము తనంతట తానే దిగుచుండును. దీనినే సైఫన్ అందురు. అమెరికా పాత్ర వెనుకనున్న గొట్టము పైకి లేచి మరల క్రిందికి వంగును. తొట్టినుండి నీరు ఒక్కసారిగా వచ్చిపడగానే ఆ వంపు నిండి, సైఫన్ మొదలగును. పాత్రలోని నీరంతయు లాగబడిన పిమ్మట గాలి చొరబడి, గుడగుడమను శబ్దముతో ధార తెగును. నీరు ఎక్కువగా నిలుచుటచే మలినము పాత్రకు అంటదు, దుర్వాసన తగ్గును. కాని గొట్టము ఇరుకగుటచే సులభముగా పూడుకొనును.

విమానములోని పాత్రలో నీరు నిలుపరు. ఊగు విమానములో అది తొణకును, మోయుటకు బరువు. అక్కడ నీటికి బదులు ఒక కవాటముండును. పది కిలోమీటర్ల ఎత్తున వెలుపలి గాలి పీడనము భూమట్టముననున్న దానిలో సుమారు నాల్గవ వంతు. విమానము లోపల సుమారు నాల్గింట మూడు వంతులు. కవాటము తెరచుకొనగానే ఈ భేదమువలన గాలి హోరుమని పోవుచు మలినమును ఈడ్చుకొనిపోవును.

నేలమీద మాత్రము, పాత్ర ఏ దేశపుదైనను, వంపు గొట్టములో నీరుండవలసినదే. ఇట్టి వంపుగల పాత్రకు 1775లో అలెగ్జాండర్ కమింగ్ అను గడియారముల నిపుణుడు పేటెంటు పొందెను. వంపులోని నీరు మూతవలె నిలిచి, మురుగులోని హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను వాయువులను గదిలోనికి రానీయదు.

ఈ మూత లేకున్న ఏమగును? 2003లో హాంకాంగులోని ఆమోయ్ గార్డెన్స్ అను నివాస భవనములలో 300 మందికి పైగా సార్స్ వ్యాధి సోకెను. స్నానపు గదుల తూముల క్రింది వంపులు ఎండిపోవుటచే, మురుగు గొట్టములలోని వైరస్ సన్నని తుంపరలతోపాటు ఇండ్లలోనికి వచ్చియుండునని దర్యాప్తు చేసినవారు భావించిరి.

కావున విదేశములలో నిండు పాత్రను చూచి వెనుదీయ నక్కరలేదు. కొన్ని నెలల తరువాత తిరిగివచ్చి ఇంటి తాళము తీసినవారికి స్నానపు గదినుండి మురుగు వాసన వచ్చినచో, ప్రతి తూములోను ఒక చెంబెడు నీరు పోసిన చాలును. ఎండిన మూత మరల పడును.