అవ్వ పాటను దాచుకుందాం

పాలకుర్తి అనగానే పాల్కురికి సోమనాథుడు గుర్తుకొస్తాడు. ఆయన బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు. ద్విపద అంటే పాడుకోవడానికి వీలైన పద్యం. వందల ఏళ్లు గడిచినా అది నిలిచింది. ఎందుకు? రాసిపెట్టారు కాబట్టి.

మరి నాట్లు వేస్తూ ఆడవాళ్లు పాడే పాటలు? బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే పాటలు? చాలా పాటలను ఎవరూ రాయలేదు. అవి అవ్వల నోట్లోనే ఉన్నాయి. అవ్వ పోతే పాట కూడా పోతుంది. పాటను రాసుకున్నా అవ్వ గొంతు కాగితం మీదికి రాదు. గొంతును కూడా దాచుకోవాలి.

ఒకప్పుడు ఈ పనికి టేప్‌రికార్డరు, క్యాసెట్లు ఉండేవి. ఇప్పుడు కంప్యూటరు ఉంది.

లినక్స్ అంటే ఏమిటి?

కంప్యూటరు పని చేయాలంటే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ కావాలి. అలాంటిదే లినక్స్. 1991లో ఫిన్లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత ఎన్నో దేశాల వాళ్లు చెయ్యి కలిపారు. దీన్ని కొనుక్కోవాల్సిన పని లేదు. పక్కింటి వాళ్లకు కూడా ఇవ్వొచ్చు. పచ్చడి పెట్టే తీరు ఒకరికొకరు చెప్పుకున్నట్టే ఇది కూడా. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థ దీన్ని తెలుగులో కనిపించేలా తయారుచేసింది.

ఏమేం కావాలి?

లినక్స్ ఉన్న కంప్యూటరు, ఒక మైకు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ కూడా కావాలి. అది కూడా ఉచితమే.

ఎట్ల చేయాలి?

1. ఫ్యాను ఆపాలి. తలుపు వేయాలి. మైకును నోటికి జానెడు దూరంలో పెట్టాలి.

2. తెర మీద ఎర్రటి గుండ్రని గుర్తును నొక్కితే రికార్డు మొదలవుతుంది. చదరపు గుర్తును నొక్కితే ఆగుతుంది. ఆకుపచ్చని మూడు మూలల గుర్తును నొక్కితే పాట వినిపిస్తుంది.

3. గొంతు తెర మీద అలల్లాగా కనిపిస్తుంది. అలలు పైఅంచును, కింది అంచును తాకితే గొంతు బొంగురుగా, పగిలినట్టు వస్తుంది. మైకును కొంచెం దూరం జరపాలి.

4. అవ్వ నడుమ దగ్గితే పాట ఆపొద్దు. ఆ ముక్కను తర్వాత తీసేయొచ్చు. తప్పుగా తీసేసినా భయం లేదు. కంట్రోల్, జెడ్ మీటలు కలిపి నొక్కితే తిరిగి వస్తుంది.

5. సేవ్ చేసుకుంటే మళ్లీ ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫోన్లో వినే పాట తయారవుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచుకోవాలి. ఒక్క చోటే ఉంటే, అది చెడిపోయిన రోజు పాట కూడా పోతుంది.

దరువు కావాలంటే?

హైడ్రోజన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గళ్లు ఉంటాయి. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు గళ్లలో గుర్తులు పెడితే దరువు మోగుతుంది. ముందు దరువు తయారుచేసుకోవాలి. దాన్ని హెడ్‌ఫోన్లో వింటూ పాడితే తాళం తప్పదు. మైకులోకి దరువు చప్పుడు కూడా రాదు.

ఒక్క మాట మరువొద్దు. పాట అవ్వది. "నీ పాట దాచిపెడతమవ్వా, నలుగురికి వినిపించమంటవా?" అని ముందే అడగాలి. ఆమె సరే అంటేనే రికార్డు చేయాలి. పాట చివర ఆమె పేరు, ఊరు ఆమె నోటితోనే చెప్పించాలి.

చర్చించండి: మీ వాడలో ఎక్కువ పాటలు వచ్చిన అవ్వ ఎవరు? ఆమె పాడే ఏ పాట మీ బిడ్డలకు రాదు?