పాత మారుతి 800 కొంటున్నారా? ఇంజన్ కంటే ముందు ఇవి చూడండి

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, ఇంటి వెనక ఖాళీ జాగాలోనో ఏళ్ల తరబడి దుమ్ము కొట్టుకుని నిలబడిపోయిన మారుతి 800లు మన బస్తీల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. "తక్కువకే ఇస్తున్నారు, కొంచెం ఖర్చు పెడితే కొత్త బండి అవుతుంది" అని ఎవరో ఒకరు ఆశ పెడతారు. బండి సరైనదైతే ఆ మాట నిజమే. కాకపోతే "చార్ ఆనే కీ ముర్గీ, బారా ఆనే కా మసాలా" అన్నట్టు తయారవుతుంది.

1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అందులో ఉండేది మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్. దాన్ని విప్పి బిగించడం తెలిసిన ఉస్తాద్‌లు ప్రతి ఊళ్లో ఉన్నారు. సామాన్ల కోసం రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వెతుక్కోవచ్చు. కాబట్టి ఇంజన్ పాడైందంటే మరీ భయపడక్కర్లేదు. అసలు డబ్బు మింగేవి రెండు: తేలని కాగితాలు, లోపలి తుప్పు.

మొదట కాగితాలు

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. హైదరాబాద్‌లో బీఎస్-4 నిబంధన రావడంతో 2010 ఏప్రిల్ నుంచే 800 అమ్మకాలు ఆగాయి. అంటే నగరంలో కొత్తగా అమ్మిన ప్రతి 800కీ ఇప్పటికే 15 ఏళ్లు దాటాయి.

రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గడువు దాటాక ఆలస్యమైన ప్రతి నెలకూ 500 రూపాయలు అదనం. రెండేళ్లు ఆలస్యమైతే అదొక్కటే 12,000. మూలన పడున్న బండికి రెన్యువల్ చేయించే వాళ్లు తక్కువ. అందుకే బేరం మాట్లాడకముందే ఆర్‌సీ పట్టుకెళ్లి ఆర్టీఏ ఆఫీసులో మొత్తం లెక్క వేయించుకోండి.

ఆర్‌సీ మీద ఉన్న పేరు ఎవరిదో చూడండి. చాలాసార్లు అది చనిపోయిన అబ్బా పేరో, దాదా పేరో అయి ఉంటుంది. అలాంటప్పుడు వారసులు ముందు ఫారం 31తో బండిని తమ పేరు మీదికి మార్చుకోవాలి. ఆ తర్వాతే ఫారం 29, 30 మీద సంతకం చేసి మీకు అమ్మాలి. "తర్వాత చూసుకుందాం భాయ్" అంటే డబ్బు ఇవ్వకండి. రేపు అన్నదమ్ముల్లో ఒకరు అడ్డం తిరిగితే బండి మీ దగ్గరుంటుంది గానీ మీ పేరు మీదికి రాదు.

ఛాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్‌సీతో కలవాలి. బ్యాంకు లోన్ పేరు ఇంకా అలాగే ఉందా, చలాన్లు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయి అన్నవి ఆన్‌లైన్‌లో తెలుస్తాయి. నంబర్ ఏపీ 09 అని కంగారు పడొద్దు. విభజనకు ముందు హైదరాబాద్ బండ్లు ఏపీ సిరీస్‌లోనే ఉండేవి. ఢిల్లీ నుంచి వచ్చిన చవక బండి అయితే మాత్రం ఎన్ఓసీ లేకుండా ముట్టుకోకండి. ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కూడా లెక్కలో వేసుకోవాలి.

తర్వాత తుప్పు

పగటి వెలుగులో వెళ్లండి. ఒక టార్చ్, చిన్న అయస్కాంతం, స్క్రూడ్రైవర్ వెంట తీసుకెళ్లండి. 800కి విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు, బరువంతా బాడీ రేకే మోస్తుంది. అది తిన్నదంటే కారు నడుం విరిగినట్టే.

మ్యాట్లు, కార్పెట్ ఎత్తి డ్రైవర్ కాళ్ల కింద నేల చూడండి. తలుపుల కింది అంచులు, చక్రాల పై మడతలు, బ్యాటరీ ట్రే, డిక్కీలో స్టెప్నీ గుంట చూడండి. బానెట్ లోపల షాక్ అబ్జార్బర్ పైభాగం బిగించే చోటు, వెనక సస్పెన్షన్ బాడీకి అతికే చోటు అన్నిటికంటే ముఖ్యం. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మెత్తగా పలుకుతుంది. అయస్కాంతానికి పల్చని గుడ్డ చుట్టి బాడీ మీద జరపండి. అంటుకోని చోట రంగు కింద పుట్టీ ఉన్నట్టు.

సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగండి. చివర్లో బురద మరక ఉంటే బండి వరదనీళ్లలో మునిగి ఉండొచ్చు. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌లో చాలా కార్లు అలాగే మునిగాయి.

చివరగా ఇంజన్

ఏళ్లుగా ఆగిన బండికి వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయి, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. తర్వాత బండిని నాలుగో గేర్‌లో పెట్టి నెమ్మదిగా తోయండి. చక్రాలు అస్సలు కదలకపోతే బ్రేకులైనా పట్టేశాయి, ఇంజన్ అయినా జామ్ అయింది. న్యూట్రల్‌లో కూడా కదలకపోతే తప్పు బ్రేకులదే.

పాత పెట్రోల్ మొత్తం తీయించి, కొత్త ఆయిల్, బ్యాటరీ వేసి, టైమింగ్ బెల్టు, ఎలుకలు కొరికిన వైర్లు చూపించాకే స్టార్ట్ చేయించండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. దట్టమైన తెల్ల పొగ తగ్గకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయి. నల్ల పొగ ఎక్కువగా కార్బురేటర్ గొడవ, అది చిన్న పని. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా నడిపినప్పుడు టక టక మంటే సీవీ జాయింట్లు అరిగాయి.

టైరు మీద చివరి నాలుగు అంకెలు చూడండి. 2315 అంటే 2015లో 23వ వారం తయారైందని. గీతలు ఎంత లోతున్నా అలాంటి టైర్లు మార్చాల్సిందే.

బేరం ఎలా?

బండి ధరకు రెన్యువల్, ట్యాక్స్, టింకరింగ్, పెయింటింగ్, టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్ కలిపి కాగితం మీద రాయండి. అదే ధరకు తిరుగుతున్న మంచి సెకండ్ హ్యాండ్ కారు వస్తుందేమో చూడండి. వారసులు సంతకానికి రాకపోయినా, సస్పెన్షన్ బిగించే చోటు తుప్పు తిన్నా ఉచితంగా ఇచ్చినా వద్దనండి. కాగితాలు తేలి, రేకు గట్టిగా ఉంటే మాత్రం ఇంజన్ ఆగిపోయిన బండి అయినా ధైర్యంగా బేరం ఆడొచ్చు.