ఒక ఇంజినీరు తన గుండెకు చేయించుకున్న తొడుగు

2004 మే 24న లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో జాన్ పెప్పర్ అనే సర్జన్ ఒక రోగి ఛాతీ తెరిచి, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని చుట్టూ తెల్లటి పాలిస్టర్ వల తొడిగి కుట్టేశాడు. ఆ వల తూకం అయిదు గ్రాములు కూడా ఉండదు. అలాంటిది అంతకుముందు ఏ మనిషికీ వేయలేదు. దాన్ని ఊహించి, పట్టుబట్టి తయారుచేయించింది బల్ల మీద మత్తులో ఉన్న ఆ రోగే. పేరు టాల్ గోల్స్‌వర్దీ. ఇంగ్లండ్‌లోని ట్యూక్స్‌బరీకి చెందిన ఇంజినీరు. బాయిలర్లు, మంటలు, పీడనం, గొట్టాలు ఆయనకు నిత్యం చేతిలో పని.

ఆయనకున్నది మార్ఫాన్ సిండ్రోమ్. 1896లో పారిస్ వైద్యుడు ఆంత్వాన్ మార్ఫాన్ అయిదేళ్ల పాప సన్నని పొడుగాటి వేళ్లనూ కాళ్లూచేతులనూ చూసి రాసిపెట్టిన వర్ణనతో ఆ పేరు స్థిరపడింది. అసలు లోపం ఫిబ్రిలిన్ అనే ప్రొటీన్ జన్యువులో ఉందని 1991లో తేలింది. ఒంట్లో అవయవాలను పట్టి ఉంచే కణజాలానికి సాగే గుణం నిలవాలంటే ఫిబ్రిలిన్ సరిగా ఉండాలి. గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతి దెబ్బకూ బృహద్ధమని గోడ సాగి మళ్లీ ముడుచుకోవాలి. ముడుచుకునే శక్తి తగ్గితే అది మొదలు దగ్గరే, కవాటానికి కాస్త పైన, ఉబ్బడం మొదలుపెడుతుంది. గోల్స్‌వర్దీకి అక్కడ వెడల్పు 4.8 సెంటీమీటర్లకు చేరింది. ఉబ్బిన గోడలో లోపలి పొర చిట్లితే రక్తం పొరల మధ్యకు దూరి గోడను నిలువునా చీల్చుకుంటూ పోతుంది. 1972లో అచ్చయిన ఒక లెక్కలో మార్ఫాన్ రోగుల సగటు మరణ వయసు 32 ఏళ్లు.

ఆ లెక్క మారడానికి మొదటి కారణం బెంటాల్ ఆపరేషన్. 1968లో లండన్‌కే చెందిన హ్యూ బెంటాల్, ఆంటొనీ డి బోనో దీన్ని ప్రకటించారు. ఉబ్బిన ముక్కను తీసేసి, ఒక చివర కృత్రిమ కవాటం బిగించిన బట్టగొట్టాన్ని ఆ స్థానంలో కుట్టడం అందులోని పద్ధతి. చిక్కంతా గుండె కండరానికి రక్తం అందించే రెండు హృద్ధమనులతో వస్తుంది. అవి పుట్టేది సరిగ్గా ఆ తీసేసిన ముక్కలోంచే. మొదట్లో వాటి మూతులను ఉన్నచోటే గొట్టానికి కలిపి కుట్టేవారు. కుట్ల మీద లాగుడు పడి నెత్తురు కారేది, ఆ చోట కొత్త ఉబ్బులు పుట్టేవి. తర్వాత మూతి చుట్టూ చొక్కా గుండీ అంత గోడను మాత్రం మిగిల్చి, దాన్ని తెచ్చి గొట్టానికి కుట్టే పద్ధతి వచ్చింది. అయితే ఆ గుండీ కూడా జబ్బుపడిన గోడే కదా! పెద్దదిగా వదిలితే కొన్నేళ్లకు అదీ ఉబ్బుతుంది. అందుకే సర్జన్లు దాన్ని ఎంత చిన్నగా కోయగలిగితే అంత చిన్నగా కోస్తారు. మార్ఫాన్‌ను పోలిన జబ్బుల్లో కత్తికీ కుట్టుకూ చిక్కు ఇంకా ఎక్కువ. 2005లో గుర్తించిన లోయిస్-డైట్జ్ సిండ్రోమ్‌లో గోడ ఇంకా తక్కువ వెడల్పుకే చీలిపోగలదు. రక్తనాళాలకు సోకే రకం ఎలర్స్-డాన్లోస్ సిండ్రోమ్‌లోనైతే నానిన కాగితాన్ని దారం కోసుకుపోయినట్టు కుట్టే గోడను కోసుకుపోతుంది.

కవాటం లోహంతో చేసిందైతే బతికినంతకాలం రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ మందు వాడాలి. మన ఇళ్లలో వాల్వు మార్పించుకున్నవాళ్లను చూసినవారికి ఈ బతుకు తెలుసు. రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష నెలనెలా, పాలకూర ఎక్కువ తిన్నామా అనే బెంగ, మోకాలు గీసుకుపోయినా కంగారు. టొరంటోలో టిరోన్ డేవిడ్ 1992లో ప్రకటించిన పద్ధతి సొంత కవాటాన్ని కాపాడి ఈ బాధ తప్పించింది. నా దృష్టిలో అది చాలా గొప్ప మెట్టు. కానీ అందులోనూ గుండెను ఆపాలి, గోడను కోసి తీసేయాలి.

గోల్స్‌వర్దీ 2000లో మార్ఫాన్ రోగుల సభలో సర్జన్ టామ్ ట్రెజర్ ప్రసంగం విన్నాడు. ఇంజినీరుకు అక్కడ తట్టిన ప్రశ్న నాకు సైకిల్ షాపును గుర్తు తెస్తుంది. ట్యూబును టైరు లేకుండా బయట పెట్టి గాలి కొడితే బలహీనమైన చోట బుడగలా లేస్తుంది. అదే ట్యూబు టైరులో ఉంటే మనిషిని, బియ్యం బస్తాను కూడా మోస్తుంది. ట్యూబు బలపడలేదు, బయటినుంచి ఆసరా దొరికిందంతే. మరి రక్తనాళానికి టైరు ఎందుకు తొడగకూడదు?

బయటినుంచి చుట్టడం అప్పటికే జరిగిన పని. 1948లో ఐన్‌స్టీన్ పొట్టలోని బృహద్ధమని ఉబ్బుకు రుడాల్ఫ్ నిస్సెన్ సెలొఫేన్ చుట్టాడు. తర్వాత వేరే చోట్ల బట్ట చుట్టినవారూ ఉన్నారు. సరిగ్గా ఒంటికి పట్టని బట్ట ముడతలు పడేది, జారేది, ఒక్కోసారి గోడనే ఒరుసుకుని తినేసేది. కాబట్టి కొలత తప్పని తొడుగు కావాలి. గోల్స్‌వర్దీ తన ఎమ్మారై స్కాన్లలోంచి నాళం ఆకారాన్ని కంప్యూటర్‌లో గీయించాడు. గుండె ఒకే స్థితిలో ఉన్న క్షణాల్లో తీసిన చిత్రాలు మాత్రమే అందుకు పనికొస్తాయి. ఆ గీతను త్రీడీ ప్రింటర్ ప్లాస్టిక్ ముద్దగా మార్చింది. కవాటం దగ్గరి మూడు గుబ్బలతో సహా ఆయన బృహద్ధమని మూలం ఆయన చేతిలోకే వచ్చింది! పాలిస్టర్ వలను ఆ ముద్దకు పట్టేలా మలిచి, హృద్ధమనులకు దారి వదిలి, ముందువైపు తెరిచి ఉంచారు. సర్జన్ నాళాన్ని చుట్టుపక్కల కణజాలం నుంచి విడదీసి, వలను వెనకనుంచి తెచ్చి ముందు కుడతాడు, రవిక వేసినట్టు. మామూలుగా గుండెను ఆపనక్కరలేదు. కవాటం సొంతదే, రక్తాన్ని తాకే లోపలి పొరా సొంతదే. అందుకే వార్ఫరిన్ అక్కరలేదు.

ఇదంతా నిరపాయమని చెప్పలేం. హృద్ధమనుల చుట్టూ విడదీసేటప్పుడు చెయ్యి తప్పినా, వల అక్కడ నొక్కినా గుండె కండరానికి రక్తం ఆగిపోతుంది. ఆ కారణంగా ప్రాణం పోయిన సందర్భమూ ఉంది. వల కప్పే మేర దాటితే మిగతా బృహద్ధమని ఎప్పటిలాగే ఉంటుంది, అక్కడ చీలిక రావచ్చు. ఒకసారి చీలిన నాళానికి ఇది పనికిరాదు. ఒక్కొక్కరికి విడిగా మలచాలి కాబట్టి ప్రమాదం ముంచుకొచ్చాక తయారుచేసే వ్యవధీ ఉండదు. ఆ వ్యవధి విలువ ఎంతో 1999లో విన్సెంట్ గాట్ బృందం 675 మంది మార్ఫాన్ రోగుల ఆపరేషన్లతో చూపించింది. ముందే నిర్ణయించుకుని చేసిన ఆపరేషన్లలో నెలలోపు మరణాలు 1.5 శాతం, అత్యవసరంగా చేసినవాటిలో 11.7 శాతం.

ఈ వల వేయించుకున్న ఒక యువకుడు నాలుగున్నరేళ్ల తర్వాత హఠాత్తుగా చనిపోయాడు. బృహద్ధమని చీలలేదు, మూలం వెడల్పు పెరగలేదు. వైద్యులు ఆ గోడను సూక్ష్మదర్శిని కింద పెట్టారు. వల కళ్లలోంచి కొత్త కణజాలం అల్లుకుపోయి, వల, గోడ ఒక్కటైపోయాయి. వల లేని పైభాగంలో మార్ఫాన్ జబ్బు తాలూకు క్షీణత కనిపించింది. వల కింద మాత్రం గోడ పొరలు ఆరోగ్యవంతుడి పొరల్లా ఉన్నాయి.