గుడ్డు దగ్గరే పరీక్ష

పోయిన నెల మా తమ్ముడి వాలరెంట్ ఆట తెరుచుకోలేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండాలని తెర మీద వచ్చింది. "అక్కా, కాలేజీకి పోతావు కదా, ఇదేందో చూడు" అన్నాడు. నేను చదివేది బి.ఏ. అయినా అక్కనైనందుకు చూడక తప్పలేదు.

లాప్‌టాప్‌ని అంతకు ముందు ఫార్మాట్‌కి ఇచ్చినాము. ఆ అంగడికి పోయి అడిగితే, "పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఎక్కించేదానికి ఆఫ్ చేసినాము, మళ్ళీ పెట్టేది మరిచినాము" అన్నారు. గూళ్ళ డబ్బు పడిందా అని నాయన బ్యాంకు ఖాతా చూసేది ఆ లాప్‌టాప్‌లోనే. నా స్కాలర్‌షిప్ అర్జీ వేసిందీ దాంట్లోనే. ఆట సంగతి మరిచిపోయి నాకు వేరే దిగులు పట్టుకుంది.

పవర్ బటన్ నొక్కినాక పాస్‌వర్డ్ అడిగే లోపల చాలా పని జరుగుతుంది. మొదట మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ లేస్తుంది. అది బూట్ లోడర్‌ని పిలుస్తుంది, బూట్ లోడర్ విండోస్‌ని లేపుతుంది. మనం వేసుకున్న యాంటీవైరస్ ఆ తర్వాత గానీ పూర్తిగా కళ్ళు తెరవదు. అంతకంటే ముందే ఒక దొంగ ప్రోగ్రాం లోపల కూర్చుంటే, యాంటీవైరస్‌కి ఏం కనపడాలో అదే నిర్ణయిస్తుంది. ఇది కొత్త ఎత్తు కాదు. 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ వైరస్ కూడా ఫ్లాపీ బూట్ సెక్టార్‌లోనే దాక్కునింది.

జంగమకోటె వైపు వాళ్ళకి ఇది సులభంగా అర్థమవుతుంది. పట్టుపురుగుకి పెబ్రిన్ రోగం తల్లి నుంచి గుడ్డుకి వస్తుంది. పురుగు చాకీ దాటి పెద్దదయినాక తెలిస్తే, పెట్టిన ఆకంతా దండగ. అందుకే గుడ్లు పెట్టిన తల్లి పట్టుచిలుకని నూరి మైక్రోస్కోపు కింద చూస్తారు. రోగముంటే ఆ గుడ్లని నాశనం చేస్తారు. 1860లలో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ చూపిన దారి ఇది. (మా ఇంట్లో అమ్మ హుళు అంటుంది, అవ్వ పురుగు అంటుంది. కంప్యూటర్‌వాళ్ళు కూడా ఒక రకం వైరస్‌ని వర్మ్ అనే అంటారు.)

సెక్యూర్ బూట్ చేసేది కూడా గుడ్డు దగ్గరి పరీక్షే. 2012లో విండోస్ 8తో ఇది మామూలు కంప్యూటర్లలోకి వచ్చింది. కంపెనీ తన ప్రోగ్రాంకి రహస్య తాళంతో డిజిటల్ సంతకం పెడుతుంది. ఆ సంతకాన్ని సరిచూసే జత తాళం ముందే మదర్‌బోర్డులో ఉంటుంది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మారినా సంతకం కుదరదు, ఫర్మ్‌వేర్ దాన్ని నడవనివ్వదు. బయటినుంచి తగిలించిన గ్రాఫిక్స్ కార్డులాంటి వాటిలోని ఫర్మ్‌వేర్‌నీ సంతకం అడుగుతుంది. మదర్‌బోర్డు చిప్‌నే ఎవరైనా మార్చేస్తే మాత్రం దీని ఒక్కదాని వల్ల కాదు, దానికి వేరే కాపలా కావాల.

మోసపోయిన సందర్భమూ ఉంది. 2023లో ఈసెట్ కంపెనీ పరిశోధకులు బ్లాక్‌లోటస్ గురించి బయటపెట్టినారు. అది సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న విండోస్ 11లోకే దూరింది. ఎట్లంటే, లోపమున్న ఒక పాత బూట్ ఫైలుని వెంట తెచ్చుకునింది. దాని మీద మైక్రోసాఫ్ట్ సంతకం అసలైనదే. లోపం సరిచేసిన కొత్త ఫైలు వచ్చినా, పాతదాని పేరు రద్దు జాబితాకి ఎక్కలేదు. ఆ జాబితా కూడా మదర్‌బోర్డులోనే ఉంటుంది, అప్‌డేట్లతో పెరుగుతుంది. రేపు చేద్దాంలే అని అప్‌డేట్‌ని తోసేసేవాళ్ళలో నేనే మొదటిదాన్ని.

మీది చూసుకోవాలంటే విండోస్ బటన్‌తోపాటు ఆర్ నొక్కి, ఎంఎస్ఇన్ఫో32 అని ఇంగ్లీషులో కొట్టండి. సెక్యూర్ బూట్ స్టేట్ అనే వరసలో ఆన్ అని ఉండాల. ఆఫ్ ఉంటే తొందరపడి మార్చొద్దు. ముందు బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోండి. విండోస్‌ని పాత లెగసీ పద్ధతిలో ఎక్కించి ఉంటే, ఆన్ చేసినాక అసలు లేవకపోవచ్చు.

మాది లేచింది. తమ్ముడు ఆటకి కూర్చున్నాడు. నేను మాత్రం మళ్ళీ ఫార్మాట్ చేయించి, బ్యాంకు పాస్‌వర్డ్ మార్చినాకే నాయనకి లాప్‌టాప్ ఇచ్చినాను.