అరిగిన డిస్కు మళ్లీ పెరుగుతుందా?

"ఎల్4-ఎల్5 దగ్గర అరిగిందట, గ్యాప్ వచ్చిందట." ఎమ్మారై కవరు పట్టుకుని స్కానింగ్ సెంటర్ మెట్లు దిగేవాళ్లు ఇంటికి ఫోన్ చేసి చెప్పే మొదటి మాట ఇది. నాలుగు రోజులు పోయాక రెండో మాట వస్తుంది: "మన రక్తమే తీసి ఎక్కిస్తే డిస్కు మళ్లీ పెరుగుతుందట, నిజమేనా?" డిస్కు ఎందుకు అరుగుతుంది, పెంచడం ఎందుకంత కష్టం అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే ఉంది. దానికి రక్తం అందదు.

అసలు ఎందుకు అరుగుతుంది?

మెడ నుంచి నడుము కింది దాకా పూసల మధ్య 23 డిస్కులుంటాయి. ఒక్కోదానికి చుట్టూ ఉల్లిపొరల్లా గట్టి నార, లోపల తాటిముంజలాంటి గుజ్జు. పసితనంలో ఆ గుజ్జులో 80 శాతానికి పైగా నీరే. వయసుతో పాటు నీటిని పట్టి ఉంచే పదార్థం తగ్గి, ముదిరిన ముంజలా గట్టిపడుతుంది. చుట్టూ ఉన్న నారలో పగుళ్లు పడతాయి.

చర్మం తెగితే వారంలో మానుతుంది, ఎముక విరిగితే నెలల్లో అతుక్కుంటుంది. ఆ మరమ్మతు సరంజామా అంతా మోసుకొచ్చేది రక్తమే. పెద్దవాళ్ల డిస్కు లోపల రక్తనాళాలే ఉండవు. శరీరంలో రక్తనాళాలు లేని భాగాలన్నిటిలో పెద్దది ఇదే. పై పూస, కింది పూస అంచుల్లోని పల్చటి మృదులాస్థి గుండా ఆక్సిజన్, గ్లూకోజ్ చెలమలో నీరు ఊరినట్టు ఊరాలి. పగలంతా మన బరువుకు డిస్కులోంచి నీరు బయటికి పోతుంది, రాత్రి పడుకుంటే తిరిగి చేరుతుంది. అందుకే పొద్దున్న ఉన్న ఎత్తు సాయంత్రానికి సెంటీమీటరుకు పైగా తగ్గుతుంది. పోలీసు ఉద్యోగానికి వెళ్లే కుర్రాడు తన కొలత పొద్దున్నే తీస్తే బాగుండునని కోరుకోవడంలో చాదస్తమేమీ లేదు.

పొగతాగితే ఆ ఊట ఇంకా సన్నగిల్లుతుంది. మరి బరువులు? అవే అసలు దోషి అని చాలాకాలం అనుకున్నారు. ఫిన్లాండ్‌లో కవలల వెన్నులు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకరు బరువుల పనిలో, మరొకరు కుర్చీలో బతికినా అరుగుదలలో పెద్ద తేడా కనిపించలేదు. వంశపారంపర్యానిదే పెద్ద వాటా.

అరిగితే నొప్పి తప్పదా?

తప్పకపోవడమేమిటి, చాలామందికి అసలు రానే రాదు. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగులను 2015లో ఒకచోట చేర్చి చూస్తే, ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి అరుగుదల ఉంది, ఎనభై ఏళ్లకు 96 శాతం మందికి ఉంది. తల నెరవడం లాంటిదే ఇదీ. రిపోర్టులో రాసిందంతా రోగం కాదు.

నొప్పి పుట్టే చోట్లు వేరే ఉన్నాయి. నారలో పగులు పడితే దాని గుండా సన్నటి నరాలు లోపలికి పాకుతాయి. పూసల వెనకాల చిన్న కీళ్లున్నాయి, కండరాలున్నాయి. గుజ్జు బయటికి ఉబికి నరాన్ని నొక్కితే కాలి దాకా లాగే సయాటికా వస్తుంది. దాన్ని బోస్టన్‌కు చెందిన మిక్స్‌టర్, బార్ 1934లో వివరించారు. ఇక్కడో చిత్రం ఉంది. అలా బయటపడిన ముక్క చాలాసార్లు దానంతటదే కరిగిపోతుంది, పెద్ద ముక్కే త్వరగా కరుగుతుంది. బయటికొచ్చాకే దానికి రక్తం తగులుతుంది మరి! రక్షణ కణాలు వచ్చి తినేస్తాయి.

మూడు నెలలు దాటిన నొప్పిది ఇంకో తీరు. గాయం సర్దుకున్నా నరాల వ్యవస్థ చిన్న కదలికకే గగ్గోలు పెట్టడం అలవాటు చేసుకుంటుంది. నిద్రలేమి, దిగులు దానికి తోడవుతాయి. మెడ నొప్పికైతే కండరాల అలసట కూడా తోడవుతుంది. నాలుగున్నర, ఐదు కిలోల తలను ఫోన్ మీదికి వంచి గంటలు గంటలు ఉంచితే మోయాల్సింది వెనక కండరాలే కదా.

ఆ ఇంజెక్షన్లు ఎలా పనిచేస్తాయి?

పీఆర్పీ అంటే మన రక్తాన్నే యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని వేరుచేసి డిస్కులోకి ఎక్కించడం. గాయం మాన్పే గ్రోత్ ఫ్యాక్టర్లు అందులో ఉంటాయి. రక్తం వెళ్లని చోటికి దాని సారాన్ని సూదితో పంపడమన్నమాట. ఆలోచన చక్కనిదే. 2016లో 47 మందిపై చేసిన పరీక్షలో ఎనిమిది వారాలకు ఉపశమనం కనిపించింది. తర్వాత 26 మందిపై మళ్లీ చేస్తే ఉత్త సెలైన్‌కు మించిన ఫలితం రాలేదు.

స్టెమ్ సెల్స్ కథ ఇంకా జటిలం. మూలుగ నుంచి తీసి పెంచిన కణాలను డిస్కులో వదిలితే అక్కడ ఆక్సిజన్ తక్కువ, ఆమ్లత్వం ఎక్కువ, తిండి కరువు. ఉన్న కణాలే చస్తున్న చోట కొత్తవి బతకాలి. 404 మందిపై జరిగిన పెద్ద పరీక్షలో కొందరికి నొప్పి తగ్గినా, ముందే పెట్టుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. పైగా సూది గుచ్చడమే డిస్కుకు ఒక గాయం. ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంది.

మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం నడుము నొప్పికి స్టెమ్ సెల్స్ పరిశోధనలో భాగంగానే ఇవ్వాలి. "ఇది సీటీఆర్ఐలో (దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీలో) నమోదైన ట్రయలేనా?" అని అడగండి. అవునంటూనే లక్షల్లో బిల్లు చేతిలో పెడితే లేచి వచ్చేయండి.

ఎప్పుడు ఆగకూడదు?

మూత్రం, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు పడిపోతున్నట్టున్నా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు ఎక్కువయ్యే నొప్పి ఉంటే మన దగ్గర వెన్ను క్షయను కూడా అనుమానించాలి.

ఇవేవీ లేకపోతే?

నడుం బెల్టు, ట్రాక్షన్ వద్దనీ, వ్యాయామం కావాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. నొప్పి తగ్గిన 701 మందిని ఆస్ట్రేలియాలో గమనిస్తే, క్రమంగా నడక పెంచుకున్నవాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది, మిగతావాళ్లకు 112. ఏళ్ల తరబడి పరుగు అలవాటున్నవాళ్ల డిస్కుల్లో నీరు ఎక్కువగా ఉన్నట్టు 2017లో ఎమ్మారైల్లోనే కనిపించింది. అందులోనూ ఎక్కువ మేలు కనిపించింది గుండెలదిరే పరుగులో కాదు, చురుకైన నడకకూ నెమ్మది పరుగుకూ మధ్య వేగంలో.