ఎండ పోయి గాలి తిరిగిన రాత్రి పురుగుల షెడ్డులో ఏం చేయాల



శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. మా డెంకణికోట, తళి కొండల పక్క అది సగమే నిజం. చలి పోతుంది, ఎండ ముదురుతుంది. ఉగాది అటూ ఇటూ ఏదో ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి, దుమ్ము గాలి లేచి, రాత్రికి మళ్లా దుప్పటి వెతుక్కోవాల్సి వస్తుంది. శిడ్లఘట్ట, చింతామణి పక్క ఉన్నవాళ్లకూ ఇది కొత్త కాదు. మనకైతే దుప్పటి ఉంది. పురుగుకు షెడ్డు తప్ప వేరే ఏమీ లేదు. అందుకే ఈ సారి ఆ ఒక్క రాత్రి గురించే రాస్తున్నాం.

*గాలి ఎందుకు తిరుగుతుంది*

హోసూరు చుట్టుపక్కల నేల సముద్రం కంటే సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. మార్చి, ఏప్రిల్ ఎండకు ఈ మిట్ట నేల బాగా కాగుతుంది. కాగిన గాలి పైకి లేస్తుంది. సముద్రాల మీద నుంచి వచ్చే తేమ దానితో కలిస్తే మధ్యాహ్నం దాటేసరికి నిలువుగా మబ్బు కడుతుంది. మబ్బులో నుంచి వాన పడేటప్పుడు చుట్టూ ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా కిందికి దిగి నాలుగు పక్కలా పరుచుకుంటుంది. వాన కంటే ముందు దుమ్ము గాలి కొట్టేది అందుకే. అర్ధ గంటలో 8, 10 డిగ్రీలు పడిపోవచ్చు. మామిడి వానలు అని మనం అనేది వీటినే. ఒక దినంతో అయిపోదు. పొద్దున ఎండ, సాయంకాలం మబ్బు, రాత్రి చలి, ఇట్లా కొన్ని దినాలు సాగుతుంది.

*మా ఇంట్లో జరిగింది*

ఒక ఏడాది ఏప్రిల్‌లో మేం 150 గుడ్లు బైవోల్టీన్ పెట్టినాం. ఎండ జాస్తిగా ఉందని కిటికీలకు తడి గోనె పట్టలు కట్టినాం, నేల మీద నీళ్లు చల్లినాం, షెడ్డు మీద కొబ్బరి మట్టలు పరిచి తడిపినాం. అంతా సరిగ్గానే చేసినాం. పురుగులు నాలుగో జ్వరానికి కూర్చున్న సాయంకాలం గాలి తిరిగింది. చలి తగులుతుందని భయపడి టార్పాలిన్‌తో నాలుగు పక్కలా మూసేసినాం. తడి గోనె పట్టలు మాత్రం అట్లనే మర్చిపోయినాం. పొద్దున తలుపు తీస్తే లోపల ఆవిరి వాసన, గోడల మీద చెమ్మ.

ఆ రోజు ఒక్క పురుగూ చావలేదు. అందుకే మాకు ఏమీ అర్థం కాలేదు. వారం లోపల పురుగులు ఉబ్బి, స్టాండు అంచుల మీద తిరుగుతూ పాలు కార్చినాయి. కొన్ని గట్టిపడి సున్నం ముక్క మాదిరి తెల్లగా అయినాయి. నూటికి 70 కిలోల గూళ్లు తీసే మాకు ఆ సారి 38 కిలోలు వచ్చింది. చాకీ ఇచ్చినవాళ్ల మీద అరిచినాం. అదే చాకీ తీసుకున్న పక్క తోట వాళ్ల పంట మాత్రం బాగుంది. తప్పు మా షెడ్డులోనే ఉందని అప్పుడు తెలిసింది. మళ్లా పోయి వాళ్లకు ఆ మాట చెప్పినాం.

పురుగును దెబ్బ తీసేది వట్టి ఎండ కాదు, వట్టి చలి కాదు. ఒక్కసారిగా వచ్చే మార్పు, దాంతో పాటు లోపల నిలిచిపోయే తేమ. ఎండకూ, ఆకు తడికీ బలం తగ్గిన పురుగులో పాల రోగం పైకి వస్తుంది. చల్లగా, తేమగా ఉంటే సున్నకట్టు బూజు పెరుగుతుంది. ఈ రెండింటికీ ఒకే రాత్రిలో మనమే దారి ఇవ్వగలం.

*ఏ వయసుకు ఎంత ఉండాల*

చాకీ పురుగులకు 27, 28 డిగ్రీలు, తేమ 85 నుంచి 90 శాతం. నాలుగో వయసుకు 25 డిగ్రీలు, తేమ 75. ఐదో వయసుకు 24 డిగ్రీలు, తేమ 70. గూడు కట్టేటప్పుడు 24, 25 డిగ్రీలు, తేమ 60 నుంచి 65 చాలు. పురుగు పెద్దదయ్యే కొద్దీ చల్లగా, పొడిగా ఉండేదే దానికి ఇష్టం. కాబట్టి పెద్ద పురుగులకు చలి కంటే మూసిన షెడ్డు జాస్తి చేటు. చాకీ పురుగులకే వేడి తగ్గకుండా చూసుకోవాల. తడి బల్బు, పొడి బల్బు ఉన్న థర్మామీటరు ఒకటి షెడ్డులో తగిలించండి. ఒంటికి తెలిసే చలిని నమ్ముకుంటే మా మాదిరి అవుతుంది.

*గాలి తిరిగిన సాయంకాలం*

1. ముందు తడి గోనె పట్టలు తీసేయండి. నేల మీద నీళ్లు చల్లేది ఆపండి. టార్పాలిన్ తర్వాత.

2. గాలి కొట్టే పక్క మాత్రమే తెర దించండి. ఎదురు పక్క పైకిటికీలు తెరిచే ఉంచండి. లోపలి ఆవిరి పోయే దారి ఉండాల.

3. చాకీకి వేడి కావాలంటే కరెంటు హీటరు మేలు. బొగ్గు కుంపటి అయితే బయట పొగ పూర్తిగా పోయినాకే లోపలికి తీసుకురండి, కిటికీ తెరిచి ఉంచండి. కుంపటి ఉన్న షెడ్డులో ఎవరూ పండుకోవద్దు. బొగ్గు గాలికి వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతాడు.

4. జ్వరంలో ఉన్న పురుగుల పడక పొడిగా ఉండాల, సున్నపు పొడి పలచగా చల్లండి. చలికి జ్వరం నిదానంగా లేస్తుంది. తొందరపడి ఆకు వేయకండి. నూటికి 95 లేచినాక విజేత మాదిరి పడక పొడి ప్యాకెట్ మీద రాసిన లెక్కన చల్లి, అర్ధ గంట ఆగి ఆకు వేయండి.

5. చంద్రికల మీద పురుగులుంటే గాలి ఆడాల, కానీ నేరుగా కొట్టకూడదు. ఒక పక్కే గాలి కొడితే పురుగులన్నీ ఇంకో పక్కకు చేరి జంట గూళ్లు కడతాయి. తేమ నిలిస్తే దారం సరిగ్గా ఊడిరాదు, మార్కెట్టులో రేటు పడిపోతుంది.

*ఆకు సంగతి*

ఈ దినాల్లో మబ్బు వచ్చేది మధ్యాహ్నం తర్వాత. కాబట్టి సాయంకాలం మేతకు కూడా పొద్దునే, మంచు ఆరినాక కోసి పెట్టుకోండి. తడిసిన ఆకు తప్పదంటే కొమ్మలు విదిలించి, నీడలో నిలబెట్టి, ఫ్యాను గాలికి ఆరనిచ్చి వేయండి. చల్లబడితే పురుగు తక్కువ తింటుంది. ఎండ దినాల లెక్కన వేస్తే ఆకు మిగిలి, పడక మందమై, అడుగున పులుస్తుంది. ఒక మేత ఆకు తగ్గించినా నష్టం లేదు.

*తర్వాత ఏడెనిమిది దినాలు*

గాలి తిరిగిన తారీకు షెడ్డు గోడ మీద రాసి పెట్టుకోండి. దెబ్బ ఆ రోజు కనపడదు. అప్పటి నుంచి రోజూ పొద్దున స్టాండు అంచులు చూడండి. ఉబ్బినవి, గట్టిపడినవి చేత్తో కాకుండా పుల్లతో ఏరి, సున్నం నీళ్లలో వేసి, దూరంగా గుంతలో పూడ్చండి. పాలు కారే ఒక్క పురుగును వదిలితే పక్క పురుగులన్నిటికీ అంటిస్తుంది.

ఇంట్లో అందరికీ ఈ సంగతి చెప్పి ఉంచండి. గాలి లేచేసరికి మనం ఊర్లో ఉండకపోవచ్చు. గోనె పట్టలు తీయాలని తెలిసిన మనిషి ఒకరు ఇంట్లో ఉంటే చాలు, పంట నిలుస్తుంది.

మీ పక్క గాలి ఎట్లుందో, మీ పురుగులు ఏ జ్వరంలో ఉన్నాయో రాయండి. అందరికీ గూళ్లు గట్టిగా రావాలని కోరుకుంటూ, ఉంటాం.