పెద్ద బాన ఎట్లు నిలుచును?

తాండూరు వంటి ఊళ్ళలో కుమ్మరి సారెపై కుండ లేచుటను చూచినవారికి, పెద్ద బానను కూడ ఇట్లే లాగవచ్చునని తోచును. కాని తడిమట్టి మెత్తనిది. ఎత్తు పెరిగినకొలది తన బరువుకు తానే కుంగును.

అందుచేత కుమ్మరి సారెపై మందమైన గోడలుగల, అడుగులేని కుండను మాత్రమే చేయును. కొంత ఆరిన పిమ్మట లోపల గుండ్రని రాతిని ఆనించి, వెలుపల చెక్కతో కొట్టును. దెబ్బదెబ్బకు గోడ పలుచనై కుండ విశాలమగును; అడుగు మూసుకొనును; మట్టిరేణువులు దగ్గరై బలము వచ్చును.

కొరియాలో ఓంగి అను పెద్ద జాడీలకు కాలితో తిప్పు సారెపై మట్టిపట్టీలను పేర్చి, ఇట్లే లోపల దిమ్మ నానించి కొట్టుదురు. దేశములు వేరైనను మట్టి గుణమొక్కటే. ఆ దెబ్బ నెరిగిన చేయి లేనిచో, సారె ఎంత తిరిగినను పెద్ద బాన నిలువదు.